పఠనాలయమునుండి సాగరగర్భమునకు : జూల్స్ వెర్న్ జీవితము

లోకమును చూచినవారు రెండు తెగలవారు. కాలినడకను, ఓడలపైని తిరిగి చూచినవారు కొందరు. గ్రంథములు తిరుగవేసి చూచినవారు మరికొందరు. ఈ రెండవ తెగవారిలో ఫ్రాన్సు దేశీయుడగు జూల్స్ వెర్న్ అగ్రగణ్యుడు. ఆయన భారతదేశమున కాలు మోపలేదు. ఐనను ఆయన సృష్టించిన నాయకులలో మిక్కిలి ప్రఖ్యాతుడు భారతీయుడు. ఆయన సముద్రగర్భమున ఎన్నడును సంచరింపలేదు. ఐనను సముద్రగర్భమున తిరుగాడు నౌకను కన్నులకు కట్టినట్లు వర్ణించి, శాస్త్రవేత్తలను సయితము అబ్బురపరచెను. ఈ వింతకు మూలమేమి యని విచారించినచో, ఆయన ఏండ్ల తరబడి కూర్చుండిన పఠనాలయపు బల్ల కనబడును.

జగిత్యాల ప్రాంతమువారికి ఫ్రెంచివారి పేరు క్రొత్తది కాదు. నక్షత్రాకారమున నున్న జగిత్యాల కోటను 1747 ప్రాంతమున జాక్, టాల్ అను ఇరువురు ఫ్రెంచి ఇంజనీర్లు కట్టిరనియు, వారి పేర్ల కలయికవలననే పట్టణమునకు ఆ పేరు కలిగెననియు స్థానికులు చెప్పుకొందురు. సిరిసిల్ల నేతపనికి పేరుగన్న పట్టణము. వెర్న్ తన జీవితపు ఉత్తరార్ధమును గడపిన అమియాన్ పట్టణమును నేతకే, విశేషించి మకమలు బట్టకు, ప్రసిద్ధి గాంచినది. కావున జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలయందు పుస్తకము చేతబట్టిన వారికి ఈయన కథ పరాయిది కాజాలదు.

జననము, బాల్యము

జూల్స్ వెర్న్ 1828వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన ఫ్రాన్సు పశ్చిమభాగమున నున్న నాంత్ నగరమున జన్మించెను. లువార్ నదిపై నున్న ఈ నగరము ఆ దినములలో గొప్ప రేవు. వెర్న్ పుట్టిన ఇల్లు ఆ నదిలోని ఫేడో అను దీవిపై నుండెను. తండ్రి పియర్ వెర్న్ న్యాయవాది. తల్లి సోఫీ పుట్టినింటివారిలో ఓడల యజమానులును, నావికులును ఉండిరి. ఐదుగురు బిడ్డలలో జూల్స్ పెద్దవాడు. అతని తరువాతివాడగు పాల్ పెరిగి నౌకాదళమున ఉద్యోగి యయ్యెను. అన్న చూడగోరిన సముద్రములను ముందుగా తమ్ముడు చూచెను.

పదునొకండేండ్ల ప్రాయమున జూల్స్ ఇంట నెవరికిని చెప్పక, తూర్పు దేశములకు పోవు ఓడలో పనివాడుగ చేరబోయెననియు, తండ్రి వెంటబడి పట్టి తెచ్చెననియు, ఇక కలలోనే తప్ప ప్రయాణము చేయనని బాలుడు మాట ఇచ్చెననియు బంధువులు వ్రాసిన కథ యొకటి కలదు. తరువాతి పరిశోధకులు దీనిని నమ్మదగినదిగా ఎంచలేదు. కథ నిజము కాకపోయినను, రేవుపట్టణపు బాలుని మనసు ఎటు పరుగిడుచుండెనో అది తెలుపుచున్నది. ఐతే పెద్దకుమారుడు తండ్రి వృత్తినే చేపట్టవలెనను నిర్ణయము ఆ యింట ముందే జరిగిపోయెను.

తండ్రి వృత్తి, కుమారుని మనసు

న్యాయశాస్త్రము చదువుటకై జూల్స్ 1848లో పారిస్ నగరము చేరెను. ఆ సంవత్సరమే అచ్చట విప్లవము చెలరేగి రాజరికము కూలిపోయెను. యువకుడు శాస్త్రము చదివెను, పరీక్షలు నిచ్చెను. కాని మనసు నాటకశాలలపై లగ్నమయ్యెను. ప్రసిద్ధ నవలాకారుడగు అలెగ్జాండర్ డ్యూమా కుటుంబముతో పరిచయము కలుగగా, డ్యూమా స్థాపించిన నాటకశాలలో 1850లో వెర్న్ వ్రాసిన చిన్న ప్రహసనము ప్రదర్శింపబడెను. మరుసటియేడు న్యాయశాస్త్ర పట్టము చేతికి వచ్చెను. తండ్రి తన కచ్చేరీని అప్పగింప సిద్ధముగ నుండెను. 1852 ఆరంభమున కుమారుడు దానిని వలదని వ్రాసెను.

ఇది సామాన్యమైన సాహసము కాదు. సిద్ధముగనున్న ఇల్లు, వాకిలి, కక్షిదారులు, గౌరవము ఒకవంక. తిండికి చాలని కలము మరియొకవంక. ఆయన ఒక నాటకశాలలో కార్యదర్శిగ చేరి, అల్పమగు రాబడితో కాలము గడపెను. వ్రాసిన నాటకములు కొన్ని ఆడెను, కొన్ని ఆడలేదు. ఆడినవియు పేరు తేలేదు. ఈ పదియేండ్ల కష్టకాలములో ఆయనకు నిజమైన ఆశ్రయము పారిస్‌లోని జాతీయ గ్రంథాలయము. అచ్చట భూగోళము, ఖగోళము, భౌతికశాస్త్రము, యాత్రాచరిత్రలు ఆయన ఆకలిగొన్నవానివలె చదివెను. చూపు కోల్పోయియు దేశసంచారము మానని జాక్ ఆరాగో అను యాత్రికుని స్నేహము ఆ దినములలోనే లభించెను. కన్నులు లేనివాడు లోకమును చూచి వర్ణింపగలిగినప్పుడు, ప్రయాణమునకు పైకము లేనివాడు ఏల వర్ణింపజాలడు?

1851లోనే ఒక మాసపత్రికలో బెలూను ప్రయాణమును గూర్చి ఆయన కథ యొకటి వెలువడెను. శాస్త్రమును కథతో పెనవేయవచ్చునను ఆలోచన అప్పుడే మొలకెత్తెను. పెరుగుటకు ఇంకను పది సంవత్సరములు పట్టెను. 1857లో ఇరువురు కుమార్తెలు గల ఒనొరీన్ అను వితంతువును వివాహమాడి, సంసారభారము మోయుటకై వాటాలబజారున దళారిపని చేపట్టెను. వేకువనే లేచి వ్రాసికొనుట, పిదప బజారునకు పోవుట ఆయన నిత్యకృత్యమయ్యెను. 1861లో కుమారుడు మిషెల్ జన్మించెను. అప్పటికి వెర్న్ వయస్సు ముప్పదిమూడు. పేరు ఎవరికిని తెలియదు.

హెట్జెల్ చేయూత

1862లో వెర్న్ తన వ్రాతప్రతిని పియర్ జూల్ హెట్జెల్ అను ప్రచురణకర్తకు చూపెను. హెట్జెల్ సామాన్య వ్యాపారి కాదు. గణతంత్రవాది, రచయిత, రాజకీయ కారణములవలన ప్రవాసము ననుభవించి తిరిగి వచ్చినవాడు. ఆయన ఆ వ్రాతప్రతిలోని సారమును గుర్తించి, సవరణలు చెప్పి, 1863 జనవరి 31వ తేదీన దానిని ప్రకటించెను. అదియే 'బెలూనులో అయిదు వారములు'. నైలునది పుట్టుకను గూర్చి యూరపు అంతటను చర్చలు సాగుచున్న సమయమున, ఆఫ్రికాను ఆకాశమార్గమున దాటు కథ వచ్చుటచే జనులు దానిని ఎగబడి చదివిరి.

మరుసటి సంవత్సరము హెట్జెల్ బాలురకును, కుటుంబములకును ఉపయోగపడు పత్రిక నొకదానిని ప్రారంభించెను. వినోదముతోపాటు విద్యను పంచుట ఆ పత్రిక ఆశయము. వెర్న్ దానికి ముఖ్యరచయిత యయ్యెను. 'భూకేంద్రమునకు ప్రయాణము' 1864లోను, 'భూమినుండి చంద్రునికి' 1865లోను వెలువడెను. ఇట్లు 'అసాధారణ యాత్రలు' అను పేరిట ఆరంభమైన నవలావళి, ఆయన జీవితకాలముననే ఏబదినాలుగు గ్రంథములకు పెరిగెను.

హెట్జెల్ ప్రతిదానిని అంగీకరించినవాడు కాడు. ఇరువదవ శతాబ్దపు పారిస్ నగరమును ఊహించి వెర్న్ వ్రాసిన నవలను ఆయన ఆదిలోనే త్రోసిపుచ్చెను. యంత్రములు, ధనము పెరిగి కవిత్వమును, చరిత్రను చదువువారు కరువైన లోకమది. ఆ వ్రాతప్రతి ఒక శతాబ్దముపైగా మరుగునపడి, 1989లో ఇనుపపెట్టెలో దొరికి, 1994లో అచ్చయినది. యంత్రములను కీర్తించినవాడని పేరుపొందిన వెర్న్, యంత్రములమధ్య పుస్తకము అనాథ యగునేమో యని యౌవనముననే భయపడెనని దానివలన తెలియవచ్చెను.

సముద్రగర్భపు నవల

వెర్న్ నవలలలో తలమానికము 'సముద్రగర్భమున ఇరువదివేల లీగులు'. సముద్రముక్రింది యాత్రను వ్రాయుమని రచయిత్రి జార్జ్ సాండ్ ఆయనకు సూచించెను. ఫ్రెంచి నౌకాదళము 1863లో నీట దింపిన 'ప్లాంజర్' అను జలాంతర్గామి నమూనాను ఆయన 1867లో పారిస్ ప్రదర్శనశాలలో చూచెను. ఆ యేడే తమ్ముడు పాల్‌తో కూడి, అట్లాంటిక్ సముద్రమున తంతితీగను పరచిన 'గ్రేట్ ఈస్టర్న్' అను మహానౌకపై అమెరికా పోయి నయాగరా జలపాతమును దర్శించెను. తిరిగి వచ్చినపిమ్మట 'సెయింట్ మిషెల్' అను చిన్న పడవను కొని, అందులోనే కూర్చుండి ఈ నవలలో కొంతభాగము వ్రాసెను. 1869 మార్చి నుండి 1870 జూన్ వరకు ఇది హెట్జెల్ పత్రికలో వరుసగ వెలువడెను.

ఇరువదివేల లీగులనగా సముద్రపు లోతని పొరబడువారు కలరు. అది లోతు కాదు, నీటిక్రింద ప్రయాణించిన దూరము. లీగు సుమారు నాలుగు కిలోమీటర్లు. కావున మొత్తము ఎనుబదివేల కిలోమీటర్లు, అనగా భూమిచుట్టు రెండు ప్రదక్షిణములు. సముద్రమున ఒక వింత జంతువు ఓడలను గుద్దుచున్నదను వార్తతో కథ ఆరంభమగును. దానిని వేటాడబోయిన అరొనాక్స్ పండితుడు, ఆయన సేవకుడు, ఒక తిమింగిలపు వేటగాడు నీటబడి, ఆ జంతువుపైకే ఎక్కుదురు. అది జంతువు కాదు, 'నాటిలస్' అను ఉక్కునౌక! విద్యుచ్ఛక్తితో నడచును. ఇండ్లలో విద్యుద్దీపములు లేని కాలమున ఈ ఊహ పుట్టినదని పాఠకులు గుర్తింపవలెను.

ఆ నౌకకు అధిపతి కెప్టెన్ నెమో. లాటిన్ భాషలో ఆ మాటకు ఎవడును కాడని అర్థము. భూమిపై మానవులతో సంబంధము త్రెంచుకొనిన ఆ మనుష్యుడు ఒక్క సంబంధమును మాత్రము త్రెంచుకొనలేదు. అతని నౌకలో పన్నెండువేల పుస్తకములు గల గ్రంథాలయము కలదు. సర్వమును వదలుకొనినవాడు పుస్తకమును వదలుకొనలేకపోయెనని చూపుటలో, పారిస్ గ్రంథాలయమున బ్రతుకు దిద్దుకొనిన రచయిత హృదయము దాగియున్నది.

నెమో ఎవరు? ఇచ్చట వెర్న్‌కును హెట్జెల్‌కును గొప్ప వివాదము కలిగెను. రష్యా చక్రవర్తి సేనలచే కుటుంబమును కోల్పోయిన పోలెండు దేశపు కులీనుడుగ నాయకుని చూపవలెనని వెర్న్ తలంచెను. అట్లయినచో రష్యాలో పుస్తకముల అమ్మకము నిలిచిపోవునని హెట్జెల్ భయపడి, బానిసవ్యాపారముపై పగబూనినవానిగ మార్చుమని సలహా ఇచ్చెను. వెర్న్ అంగీకరింపలేదు. తనకు తోడ్పడిన పెద్దను ధిక్కరింపజాలక, తన నాయకుని కించపరచనొల్లక, జాతి చెప్పకయే నవలను ముగించెను. ఐనను ఒక సూచన విడిచిపెట్టెను. సింహళపు ముత్యాలరేవున నొక నిరుపేదను సొరచేప మ్రింగబోవగా నెమో ప్రాణములకు తెగించి రక్షించి, ముత్యాలసంచిని చేతబెట్టును. పీడితదేశపువాడే తనవాడని అతని మనసు అచ్చట బయటపడును.

ప్రిన్స్ డక్కర్

రహస్యము 1874-75లో వెలువడిన 'రహస్యద్వీపము' అను నవలలో తెలిసినది. పోలెండువాడు కావలసిన నెమో భారతీయుడయ్యెను. అతడు బుందేల్‌ఖండ్ రాజు కుమారుడు, టిప్పు సుల్తానుకు బంధువు. పేరు ప్రిన్స్ డక్కర్. పదియేండ్ల ప్రాయమున తండ్రి అతనిని చదువులకై యూరపు పంపెను. అచ్చటి శాస్త్రములన్నియు అభ్యసించి, ముప్పదియేండ్ల వయసున అతడు స్వదేశము చేరెను. 1857లో ప్రజలు తిరుగబడగా ముందునిలిచి పోరాడెను. తిరుగుబాటు అణగిపోయెను, అతని ఆప్తులు హతులైరి, అతని తలకు వెల కట్టబడెను. అప్పుడతడు మిగిలిన అనుచరులతో నిర్జనద్వీపమునకు పోయి నాటిలస్‌ను నిర్మించెను.

దీని విలువ నేటి పాఠకులు తూచిచూడవలెను. 1857 గడచి ఇరువదియేండ్లయినను నిండలేదు. ఆ పోరాటమును గూర్చి ఆంగ్లమున వెలువడిన కథలలో భారతీయుడు సామాన్యముగ క్రూరుడుగనో ద్రోహిగనో కనబడెడివాడు. అట్టి కాలమున, లోకమున మేటి శాస్త్రజ్ఞుడు, మేటి నావికుడు, మేటి పుస్తకప్రియుడు ఒక భారతీయుడని వెర్న్ వ్రాసెను. ఆ నవలలో దీవిపై చిక్కుకొనిన అభాగ్యులకు నెమో అజ్ఞాతముగ సహాయము చేయుచుండును. ఒకనాడు ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన పెట్టెలో పనిముట్లతోపాటు దేశపటముల పుస్తకము, శాస్త్రగ్రంథము, తెల్లకాగితములు వారికి దొరకును. తుదకు నెమో మరణింపగా, నాటిలసే అతనికి సమాధియై నీట మునిగిపోవును.

లోపములు లేవని చెప్పరాదు. రెండు నవలలలోని సంవత్సరములకు పొత్తు కుదరదు. బుందేల్‌ఖండ్ రాజకుటుంబమునకు మైసూరు సుల్తానుతో చుట్టరికము కల్పించుట చరిత్రకు నిలువదు. 1872లో వెలువడిన 'ఎనుబది దినములలో భూప్రదక్షిణము' నందు నాయకుడు బొంబాయిలో రైలెక్కి, నడుమ ఇనుపదారి పూర్తికాకుండుటచే ఏనుగును కొని అడవుల దాటి, బుందేల్‌ఖండ్‌లో సహగమనమునుండి ఔదా అను యువతిని రక్షించును. నిజమునకు బొంబాయి, కలకత్తా రైలుదారులు 1870లోనే జబల్‌పూర్ వద్ద కలిసినవి. ఆంగ్ల పరిపాలకులు సహగమనమును 1829లోనే నిషేధించిరి. చంద్రయాత్రను ఫ్లోరిడా నుండి ముగ్గురు మనుష్యులతో సాగించి, 1969నాటి అపోలో యాత్రకు దగ్గరగ ఊహించిన మహామేధావియే, ఫిరంగినుండి పేల్చిన గుండులో మనుష్యులు బ్రతుకజాలరను సంగతిని ప్రక్కకు నెట్టెను. చదివి లోకమును చూచువానికి ఇదియే అపాయము. పుస్తకము తప్పినచోట తానును తప్పును. దానికి మందు చదువు మానుట కాదు, మరికొన్ని పుస్తకములను చదివి పోల్చిచూచుట.

అమియాన్ పట్టణమున

1871లో వెర్న్ తన భార్య స్వస్థలమగు అమియాన్‌కు కాపురము మార్చెను. ఆ పట్టణపు పరిశ్రమాధిపతులు 1861లో ఒక సంఘమును స్థాపించి, పఠనాలయమును నడుపుచుండిరి. కీర్తి దేశదేశముల వ్యాపించినను వెర్న్ దినచర్య మారలేదు. వేకువ అయిదింటికి లేచి మధ్యాహ్నమునకు ముందువరకు వ్రాయుట, భోజనానంతరము ఆ పఠనాలయమునకు పోయి పత్రికలు, శాస్త్రసంచికలు తిరుగవేయుట, పనికివచ్చు విషయమును చీటీలపై వ్రాసికొనుట. ఇట్టి చీటీలు వేలకొలది పోగుపడెను. నేతపట్టణమున నేతవాని ఓర్పుతో ఆయన పోగుపోగును కూర్చి కథలు నేసెను.

1886వ సంవత్సరము ఆయనకు గడ్డుకాలము తెచ్చెను. మార్చి 9వ తేదీన, మతి చలించిన సోదరపుత్రుడు తుపాకితో కాల్చగా గుండు కాలిలో దిగి, వెర్న్ జీవితాంతము కుంటవలసి వచ్చెను. ఆ పక్షము గడవకముందే హెట్జెల్ మరణవార్త వచ్చెను. మరుసటియేడు తల్లి గతించెను. సముద్రయాత్రలు ముగిసెను. ఐనను ఆయన ఇంట ముడుచుకొని కూర్చుండలేదు. 1888లో పురపాలకసంఘమునకు ఎన్నికై, పదునైదేండ్లపాటు నాటకశాల, వీథులు, పాఠశాలలవంటి ఊరి పనులు చూచెను. 1889లో కట్టిన సర్కస్ భవనము ఆయన ఉత్సాహమునకు గురుతుగ నేటికిని నిలిచియున్నది. 1897లో తమ్ముడు పాల్ పోయెను. మధుమేహము పీడించెను, కంటిచూపు మందగించెను. కలము మాత్రము ఆగలేదు. 1905 మార్చి 24వ తేదీన, తన 77వ ఏట, జూల్స్ వెర్న్ అమియాన్‌లో కన్నుమూసెను. ఆయన సమాధిపై, పలకను త్రోసికొని పైకి లేచుచు ఆకాశమునకు చేయి చాచిన ఆయన విగ్రహము కలదు.

గ్రంథాలయమునకు ఆయన విడిచిన ఆస్తి

1954లో అమెరికావారు నీట దింపిన తొలి అణుశక్తి జలాంతర్గామికి నాటిలస్ అనియే పేరుపెట్టిరి. 1958లో అది ఉత్తరధ్రువపు మంచుక్రిందుగ పయనించెను. ప్రపంచభాషలలోనికి మిక్కిలిగ అనువదింపబడిన రచయితల వరుసలో వెర్న్ అగాథా క్రిస్టీ తరువాత రెండవ స్థానమున నున్నట్లు యునెస్కో పట్టిక తెలుపుచున్నది. ఇవి ఆయనకు లభించిన గౌరవములు. పఠనాలయపు పాఠకులకు ఆయన విడిచిన ఆస్తి వేరు.

తెలంగాణమున గ్రంథాలయములు సులభముగ పుట్టినవి కావు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిననాటినుండి, తెనుగు చదువుటయే ఒక పట్టుదలగ పెద్దలు వానిని నిలిపిరి. గ్రంథాలయోద్యమమునకు అండగ నిలిచిన మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన ఆంధ్రమహాసభ 1935లో సిరిసిల్లలోనే సమావేశమయ్యెను. అట్టి సీమలో ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తలుపులు మూయక నిలుచుట, ఒక ఓడ ఇరువదియైదేండ్లు తుపానులకోర్చి నిలుచుటవంటిది. మగ్గము దిగి వచ్చిన నేతగాడును, పొలమునుండి వచ్చిన రైతుబిడ్డయు ఒక బల్లవద్ద కూర్చుండి పుస్తకము విప్పినప్పుడు, వెర్న్ చేసిన పనినే వారును చేయుచున్నారు. బీరువాలో ఆయన నవల లేనిచో తెప్పింపవలెను. ఉన్నచో అట్టపై దుమ్ము నిలువనీయరాదు. నాటిలస్ నౌకలో పన్నెండువేల పుస్తకములుండెను, చదువరి యొక్కడే. గ్రామమున పుస్తకములు కొద్దిగ నున్నను చదువరులు పెక్కురున్నచో, ఆ గ్రంథాలయమే మిన్న.